మడమలో సిలువ

వేడినీళ్ళ ఆసుపత్రి, రెండో అంతస్తు
సిలువ పండుగ, 27 సెప్టెంబరు 1986, శనివారం మధ్యాహ్నం

ప్రియమైన తిహోమిర్‌కు,

దేవుడి కాపుదల నీ మీదా మన గడప మీదా ఉండాలని కోరుతూ నీ పెర్సిద రాస్తున్నది. నేను ఇక్కడ క్షేమం. కొత్త తుంటి కూడా క్షేమం. నువ్వూ, నీ కుట్టుమిషనూ, మన ముసలి పిల్లీ క్షేమమని తలుస్తాను. నీ ఉత్తరం మంగళవారమే అందింది. నాలుగు రోజులు దిండు కింద పెట్టుకుని ఇవాళ జవాబు రాస్తున్నాను. ఎందుకింత ఆలస్యమయిందో చివరికొచ్చేసరికి నీకే తెలుస్తుంది. అప్పటిదాకా కోపం తెచ్చుకోకు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నొప్పి ఉందా అన్నావు. కోసిన చోట కుట్లు తీసేశాక దురద తప్ప ఏమీ లేదు. ఇరవై ఏళ్ళుగా గజ్జల్లో పంటినొప్పిలా తొలిచిన ఆ పాత నొప్పి మాత్రం ఆపరేషన్ అయిన మర్నాటికే పోయింది. అది లేకపోతే ఏదో మరిచిపోయి వచ్చినట్టుగా ఉంది. లోపల పెట్టిన లోహపు కీలు వానాకాలంలో తుప్పు పడుతుందా అని మన క్షౌరశాలలో అడుగుతున్నారని రాశావు. పట్టదని చెప్పు. తొడ ఎముకలో దిగేసిన కాడ లోహమే, కానీ అది తిరిగే గిన్నె గట్టి ప్లాస్టిక్కుదట. శబ్దం కూడా రాదు. కావాలంటే ఇంటికొచ్చాక చెవి పెట్టి వినమను. కాదులే, వద్దు. నువ్వొక్కడివే విను.

ఇక మిరపకాయల సంగతి. అరవై కిలోల కారం లేని లావు ఎర్ర మిరపకాయలు కొన్నావు, సంతోషం. కాల్చి, తొక్క తీసి, పచ్చడి ఉడికించడానికి పక్కింటి మిలుంక తనంతట తానే వచ్చిందని, మన పెరట్లో రెండు రోజులు పొయ్యి దగ్గరే కూర్చుందని, చాలా మంచి మనిషని రాశావు. మంచి మనిషే. ఆమెకు నా దండాలు చెప్పు. వెల్లుల్లి ఎక్కువ వేస్తుంది, చూసుకో. పొయ్యి దగ్గర కూర్చోవడానికి నా పీట కాకుండా వాళ్ళ పీట తెచ్చుకోమంటే బాగుండేది. నేనేమీ అనుకోవడం లేదు. ఊరికే రాస్తున్నాను.

నాలుగో ప్రశ్నకు, అంటే బూటు మడమ ఎత్తుకు, జవాబు చివర రాస్తాను.

ఇక్కడ మా గదిలో ముగ్గురం. కిటికీ పక్క మంచం స్తమేన అవ్వది. డెబ్బై నాలుగేళ్ళు. కుడి మోకాలి కీలు అరిగిపోతే తీసేసి కొత్తది పెట్టారు. మోకాలు మార్పించుకున్నవాళ్ళకు అదృష్టం ఎక్కువ, తిహోమిర్. వాళ్ళు వంగొచ్చు, ఎత్తు తక్కువ కుర్చీలో కూర్చోవచ్చు, చెప్పులు తామే తొడుక్కోవచ్చు. తుంటి మార్పించుకున్నవాళ్ళం మూడు నెలలు వంగకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, పక్కకు తిరిగి పడుకుంటే కాళ్ళ మధ్య దిండు పెట్టుకోవాలి. అన్నిటికన్నా కష్టం, మోకరించకూడదు. పొద్దున్నే ప్రార్థన నిలబడే చేసుకుంటున్నాను. మాకు కసరత్తులు చేయించే ఒస్తోయ, "అమ్మా, దేవుడు అర్థం చేసుకుంటాడులే" అని ధైర్యం చెప్తాడు. ఆయన కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. దేవుడి మనసు ఆయనకెలా తెలిసిందో!

మొదట్లో మూడో మంచం మీద చేతిబంతి ఆడే అమ్మాయి ఉండేది. మోకాల్లో మెత్తటి ఎముక చిరిగితే మూడు చిల్లులు పెట్టి గొట్టం దూర్చి సరిచేశారట. మూడే చిల్లులు! నాకు జానెడు కంటే పొడుగు కోత. ఆ పిల్ల వారానికే మెట్లు దిగి వెళ్ళిపోయింది. నేను ఆ మెట్ల వంక చూస్తూ జపమాల తిప్పాను. జపం మీద మనసు ఉందని చెప్పలేను.

నా సంగతి నీకు తెలుసు కదా. నేను ఎవరినీ పల్లెత్తు మాట అనను. గొంతు పెంచను. కానీ తిన్నగా నడిచే కాళ్ళు కనిపిస్తే చాలు, నా కళ్ళలో నిప్పులు పడతాయి. ఆపరేషన్‌కు ముందు పెద్ద డాక్టరు నా ఎక్స్‌రే ఫోటో చూసి, "చిన్నప్పుడు కాళ్ళకు పట్టీ చుట్టేవారా?" అని అడిగారు. ఎవరికి చుట్టలేదు, మా కాలంలో? కాళ్ళు చాపి, పక్కపక్కనే పెట్టి, నేత పట్టీతో కొవ్వొత్తిలా బిగించేవారు. కాళ్ళు తిన్నగా ఎదగాలని. కొందరి పిల్లలకు తుంటి ఎముక గిన్నెలోంచి జారేది అందువల్లేనట. కప్పలా కాళ్ళు ఎడంగా వదిలేసి ఉంటే దానంతటదే కుదురుకునేదట. మా అమ్మ ఆ పట్టీని ఎర్రదారంతో తానే నేసింది. అంచుకు పువ్వులు కూడా వేసింది. ఆ సంగతి డాక్టరుకు చెప్పాను, అమ్మను తప్పుపట్టకుండా ఉంటారని. ఆయన నవ్వలేదు. "చాలా అందంగా నేసి ఉంటారు" అన్నారు. నా చెల్లెలు పుట్టినప్పుడు అమ్మకు జ్వరం వచ్చి పట్టీ కట్టలేదు. అందుకే అది గుడి ముందు నాట్యంలో గుండ్రంగా తిరుగుతుంటే నేను గోడ దగ్గర అందరి కోట్లూ పట్టుకుని కూర్చునేదాన్ని. ఇవన్నీ నీకు తెలిసినవే. మళ్ళీ ఎందుకు రాస్తున్నానంటే, ఇకముందు చెప్పబోయేది చదివి నన్ను మరీ చెడ్డదాన్ననుకోకుండా ఉండడానికి.

చేతిబంతి పిల్ల వెళ్ళిన మంచం మీదికి ఎనిమిదో తారీఖున లెపొసావ వచ్చింది. నలభై ఆరేళ్ళు, విధవ, మన నదికి అవతలి ఒడ్డున బట్టల మిల్లులో పని. గదిలో అడుగు పెట్టీ పెట్టగానే, "ఇక్కడ సిగరెట్ తాగితే ఎవరు ముందు ఫిర్యాదు చేస్తారు? చేతులెత్తండి" అంది. స్తమేన అవ్వ చెయ్యెత్తి, "ఫిర్యాదు కాదే, నాకూ ఒకటియ్యి" అంది. నేను దగ్గాను. అంతే, ఆ రోజు నుంచి నేను వాళ్ళిద్దరికీ మఠం అమ్మనయ్యాను.

లెపొసావకు పదహారేళ్ళప్పుడు మొక్కజొన్న బండి మీద నుంచి పడి తొడ ఎముక విరిగింది. ఊళ్ళో ఎముకలు కట్టే మనిషి కట్టిన కట్టు. ఎముక అతుక్కుంది గానీ వంకరగా, పొట్టిగా అతుక్కుంది. ఇప్పుడు డాక్టర్లు దాన్ని మళ్ళీ కోసి, తిన్నగా నిలిపి, ప్లేటు పెట్టి ఎనిమిది స్క్రూలు బిగించారు. వంకర పోయింది. పొట్టి మాత్రం పోలేదు. మూడున్నర సెంటీమీటర్లు తేడా. "నా కాలికి ఎనిమిది స్క్రూలు. మీకు ఒక్కటైనా ఉందా, పెర్సిదక్కా?" అని ఎగతాళి చేసేది. నాకు లేదు. అందుకు కూడా కొంచెం అసూయ వేసింది. నవ్వుకో.

ఆమె ఎడమ బూటు మంచం కింద పెట్టుకునేది. ఎత్తు మడమ బూటు. ఆమె దాంతో నడుస్తుంటే నడవా చివర నుంచే అది నీ చేతిపని అని తెలిసింది నాకు. వెనక కుట్టు దగ్గర నువ్వు దారాన్ని రెండుసార్లు మెలిపెడతావు కదా. నాకు సంతోషమే వేసింది, ప్రమాణంగా. ఎత్తు మడమలు నువ్వు చాలామందికి చేస్తావని నాకు తెలియదా? అది నీ పని. మా ఆయన చేసినవే అని చెప్పబోయాను. అంతలో లెపొసావే మొదలుపెట్టింది.

"మీరు చూడాల్సింది అవ్వా, ఆ చెప్పులాయన్ని! నోటి నిండా కొయ్య మేకులు పెట్టుకుని మాట్లాడతాడు, ఒక్కటీ కింద పడదు. నా కాలు ఇలా ఒళ్ళో పెట్టుకున్నాడు, పుట్టినపిల్లని పట్టుకున్నట్టు. గంటసేపు కొలిచాడు. ముప్ఫై ఏళ్ళలో నా కాలిని అంత మర్యాదగా పట్టుకున్న మగాడు లేడు!"

"నీకు మర్యాద జరిగిందో కాలికి జరిగిందో చూసుకున్నావా?" అంది అవ్వ.

"రెండూ ఒకటేగా అవ్వా, అతుక్కునే ఉన్నాయి!" అని పకపకా నవ్వి, నా వైపు తిరిగింది. "అక్కా, మీదీ ఆ ఊరేగా. మార్కెట్ వీధిలో ఆయన. తెలుసా మీకు?"

"తెలీదు" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. పేతురు యేసును మూడుసార్లు తెలియదన్నాడు, అదీ ప్రాణభయంతో. నాకు ఏ భయం?

మర్నాడు ఆమె వేడినీళ్ళ తొట్టిలో కసరత్తుకు వెళ్ళినప్పుడు, నువ్వు పంపిన పొడుగు బీచ్ కర్రతో, బూటు తొడుక్కోవడానికి చేసిచ్చావే, దాంతో ఆ బూటును నా మంచం దగ్గరికి లాక్కున్నాను. వంగకుండా కర్రతోనే మంచం మీదికి ఎత్తాను. స్నానాల గది తడికి లోపలి తోలు పొర ఒక పక్క లేచి ఉంది. వేలితో ఇంకొంచెం ఎత్తాను. కింద, మడమ ఎత్తు కోసం పెట్టే కార్కు బెరడు మీద సిలువ ఉంది. తోలుకు చిల్లులు పొడిచే ఆరెను కాల్చి, దాని మొనతో వేసినది. నా బూట్లలో వేసినంతే, గోరంత.

తిహోమిర్, నీకు జ్ఞాపకం ఉందా? నాకు పందొమ్మిదేళ్ళు. నాన్న నన్ను మీ ముసలి యజమాని కొట్టుకు తీసుకొచ్చారు. నువ్వు పాత పత్రిక మీద నా పాదం చుట్టూ పెన్సిలు గీశావు. వారం తర్వాత బూట్లు ఇచ్చేముందు కార్కు మీద ఆ చిన్న సిలువ కాల్చి, తోలు అతికించే ముందు నాకు చూపించి, నోట్లో మేకులు తీసి అరచేతిలో పెట్టుకుని, "ఇది ఎవరికీ కనబడదు. మీ అడుగు జారకుండా ఉండాలని" అన్నావు. అప్పుడు నన్ను మీరు అనేవాడివి. ఆ మాటతోనే నేను నీదాన్నయ్యాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు, ఎన్ని జతలు కుట్టావో అన్ని జతల్లోనూ సిలువ వేశావు. గుడికి వెళ్ళినా సంతకు వెళ్ళినా, అందరూ నా కుంటు చూస్తున్నా, మడమ కింద అది ఉందని నాకు తెలుసు. అది నా ఒక్కదానిదని తెలుసు.

నువ్వు 'నీ ఒక్కదానికే' అని ఎప్పుడూ అనలేదు. ఈ వారంలో ఆ రోజును ఎన్నిసార్లు తలచుకున్నానో. నువ్వు అనలేదు. నేనే అనుకున్నాను.

ఆ వారం నేను నీకు రాసిన ఉత్తరం ఉంది కదా, పన్నెండో తారీఖుది, దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు దీనికంటే పెద్ద తప్పు చెప్పాలి.

పోయిన ఆదివారం దేవమాత పుట్టినరోజు. కొండ మీది చిన్న గుడికి ఆసుపత్రి వ్యానులో ఆరుగురిని తీసుకెళ్తామన్నారు. ఒస్తోయే దగ్గరుండి ఏర్పాటు చేశాడు, "ఇది స్వచ్ఛమైన గాలి కోసం, గుర్తుంచుకోండి" అని అందరికీ మరీ మరీ చెప్పాడు. నేనూ లెపొసావా జాబితాలో ఉన్నాం. ఆమె ఎప్పుడూ గుడికి వెళ్ళే మనిషి కాదు. "వ్యాను ఎక్కడికి పోతే నేనూ అక్కడికే. నరకానికైనా సరే, కిటికీ సీటు ఇస్తే చాలు" అంది. నేను తెల్ల రుమాలు ఇస్త్రీ చేసుకున్నాను. కాళ్ళకు మాత్రం ఆసుపత్రి వాళ్ళిచ్చిన గుడ్డ బూట్లు. చదునువి, అందరికీ ఒకేలాంటివి. ఆమె ఆ బూటుతో గుడిలోకి నడుస్తుంది, నేను గుడ్డ బూట్లతో వెనక నడుస్తాను అన్న తలంపు ఆదివారం పొద్దున్నే లేవగానే వచ్చింది. ప్రార్థనలో సగం వరకు వెళ్ళాను. మిగతా సగం రాలేదు.

ఆమె ముఖం కడుక్కోవడానికి వెళ్ళింది. అవ్వ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నా చంక కర్రతో ఆ బూటును నేల మీద తోశాను. ఒక తోపు, ఇంకో తోపు. ఇనుప బీరువా వెనక, వేడి ఊట నీళ్ళ గొట్టం పోయే సందులోకి జారిపోయింది. ఆ క్షణమే తీసేద్దామనుకున్నాను. కర్ర అందలేదు. వంగకూడదు. వంగితే కొత్త కీలు జారుతుంది. అలా నిలబడిపోయాను. తప్పు చేయడానికి వంగనక్కర్లేదు, దిద్దుకోవడానికే వంగాలి. ఎవరినైనా పిలిచి తీయమనాలంటే ఎలా పడిందో చెప్పాలి.

లెపొసావ వచ్చి వెతికింది. "నా బూటు నాకంటే ముందే గుడికి పోయిందా ఏమిటి?" అంది. కింద వ్యాను హారన్ కొడుతోంది. "పోనీలే, స్లిప్పర్లతో వస్తా. దేవుడేమీ బూట్లు చూడడుగా, అక్కా?" అని నన్నే అడిగింది. నేను తల ఊపాను. చూడడని.

మెట్ల దగ్గర మూడో మెట్టు మీద ఒరిగిపోయింది. కాలు బాగానే ఉంది, ఎనిమిది స్క్రూలూ పట్టుకున్నాయి. చెయ్యి ఆనించి పడింది. ఎడమ మణికట్టు విరిగింది.

తిహోమిర్, ఆ శబ్దం నేను విన్నాను. ఎండుపుల్ల విరిచినట్టు. ఆమె అరవలేదు. "అమ్మా, ఇప్పుడు సిగరెట్ ఎలా వెలిగించుకోవాలి?" అంది, మొహం సున్నంలా పాలిపోయి. వ్యాను గుడికి పోలేదు. ఆమెను పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఎముక జరిపి, చర్మం పైనుంచే రెండు తీగలు గుచ్చి నిలబెట్టి, పిండికట్టు వేసి, బుధవారం తిరిగి పంపారు. ఈలోగా నీ ఉత్తరం వచ్చింది. నేను తేలు కుట్టిన దొంగలా మంచం మీద కూర్చుని ఉంటే, "నువ్వు ఎవరికీ చెడు తలపెట్టని మనిషివి, దేవుడు నీకు త్వరగా నయం చేస్తాడు" అని నువ్వు రాసిన వాక్యం చదివాను. దాన్ని దిండు కింద పెట్టాను.

బుధవారం సాయంత్రం ఆమెను ఎక్స్‌రేకు తీసుకెళ్ళినప్పుడు స్తమేన అవ్వ గోడ వైపు నుంచి ఇటు తిరిగింది.

"పెర్సిదా."

"చెప్పు అవ్వా."

"నాకు మార్చింది మోకాలేగానీ కళ్ళు కాదు. ఆదివారం నేను నిద్రపోలేదు."

నేను బీరువా వైపు చూశాను.

"నేను చాడీలు చెప్పే మనిషిని కాను. మా తోడికోడలు చక్కెర దొంగిలిస్తే నలభై ఏళ్ళు నోరు విప్పలేదు. కానీ అది చక్కెర. ఇది మనిషి చెయ్యి. సిలువ పండుగ లోపల నువ్వు చెప్పు. లేకపోతే నేను చెప్తా. నేను చెప్తే బాగుండదే, నా నోరు నీ నోరంత మెత్తన కాదు."

గురు, శుక్రవారాలు నేను లెపొసావకు తల దువ్వాను. గుండీలు పెట్టాను. కట్టు ఉన్న చేత్తో చంక కర్ర పట్టుకోలేక ఆమె చక్రాల కుర్చీలోనే ఉంటోంది. సూప్ తాగేటప్పుడు గిన్నె పట్టుకున్నాను. సిగరెట్ కూడా వెలిగించాను. నేను! మొదటిది తిరగేసి ముట్టించాను. "మఠం అమ్మగారు చెడిపోయారు, అవ్వా, సాక్ష్యం నువ్వే!" అని నవ్వింది. నవ్వినప్పుడల్లా నాకు లోపల కోసినట్టుండేది. అంతకంటే సిగ్గుచేటు సంగతి చెప్తాను. ఆమె జుట్టు దువ్వుతూ కూడా, ఇంత ఒత్తయిన జుట్టు నువ్వు చూశావా, కొలతలు తీసుకునేటప్పుడు కొప్పు వేసుకుందా విరబోసుకుందా అని ఆలోచించాను.

ఇవాళ పొద్దున్న చెప్పాను. ఉపవాసం, ద్రాక్షపళ్ళూ రొట్టే తప్ప ఏమీ తినలేదు. కిటికీలో సిలువ పండుగకు పెట్టే తులసి రెమ్మ పెట్టి ప్రార్థన ముగించి, ఆమె కుర్చీ ముందు నిలబడ్డాను. మోకరించి చెప్పాల్సిన మాట. మోకరించకూడదు కదా. నిలబడే చెప్పాను. బూటును నేనే తోశానని. ఆ చెప్పులాయన నా భర్త అని. సిలువ చూశానని.

స్తమేన అవ్వ జపమాల తీసుకుంది. ఆవిడకు జపం రాదు, ఊరికే పట్టుకుంది.

"నాకు కుడి చెయ్యి బాగానే ఉంది" అంది లెపొసావ. "చెంప వాయించడానికి సరిపోతుంది. వంగలేవు కాబట్టి నువ్వు తప్పించుకోలేవు కూడా."

"కొట్టు" అన్నాను.

"కొడితే నీ పాపం పోతుంది. నేనెందుకు అంత మేలు చేయాలి నీకు?" అప్పటిదాకా అక్కా, మీరు అన్న మనిషి మొదటిసారి నువ్వు అంది. కళ్ళలో నీళ్ళున్నాయి. కోపంతో వచ్చినవే. "రెండు నెలలు మిల్లుకి పోలేను. ఈ చేత్తో దారం పట్టుకోవాలి నేను. అర్థమవుతోందా?"

"అవుతోంది."

"ఏం చూసి కుళ్ళుకున్నావే నన్ను? ఈ కుంటి కాలిని చూసా?" ఆమె గొంతు పెరిగింది. నడవాలో ఎవరో ఆగారు. "నీ మొగుడు గంటసేపు నా కాలు కొలిచాడని చెప్పాను కదా. ఆ గంటసేపూ ఏం మాట్లాడాడో అడిగావా? 'మా ఆవిడకు ఎత్తు ఇంతకంటే తక్కువ. ఆవిడ చలికాలంలో బయటి వైపు ఆనిస్తుంది, ఎండాకాలంలో లోపలి వైపు. మెట్లు దిగేటప్పుడు ముందు గోడను చూస్తుంది. ఆవిడకు మడమ కుడి మూలే ముందు అరుగుతుంది.' ఇదే! మేకుల మధ్య నుంచి ఇదే! నా మొగుడు పద్నాలుగేళ్ళు నాతో కాపురం చేశాడు. పక్కన నడవాలంటే పది అడుగులు ముందు నడిచేవాడు, కుంటిదాని మొగుడని అనిపించుకోవడం ఇష్టం లేక. ఏ మూల అరుగుతుందో ఆయనకేం తెలుసు? ఆ రోజు నీ చెప్పులాయన కొట్టులో కూర్చుని, ఎవర్తో ఆ ఆడది, దాని దుంపతెగ అనుకున్నాను నేను. అది నువ్వన్నమాట."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. స్తమేన అవ్వ, "అయితే ఒకళ్ళనొకళ్ళు చూసుకుని ఏడ్చారన్నమాట మీరిద్దరూ. నన్ను చూసి ఎవరూ ఏడవరేం? నా మోకాలు కొత్తదేగా!" అంది. ఆ మాటకు లెపొసావ మూతి కొంచెం కదిలింది. నవ్వు కాదు. దాని దగ్గరిదాకా వచ్చి ఆగింది.

ఒస్తోయను పిలిచి బీరువా జరిపించాం. బూటు గొట్టానికి ఆనుకుని ఆరు రోజులుంది. వేడికి తోలు పగిలింది, కార్కు వంకర తిరిగింది. లోపలి పొర పూర్తిగా ఊడివచ్చింది. సిలువ ఆమెకు చూపించాను. ఆమె దాన్ని వెలుతురుకు పెట్టి చూసింది.

"ఇది లోపల ఉందా? నాకు చెప్పనేలేదే!"

"చెప్పలేదా?"

"చెప్తే గుర్తుండదూ? బూటిచ్చాడు, దండం పెట్టాడు, పంపించాడు. రెండేళ్ళుగా దీన్ని తొక్కుకుంటూ సినిమాలకూ సారాయి కొట్టుకూ తిరిగాను, దేవుడా!"

తిహోమిర్, అప్పుడు నాకు కలిగిన సంతోషం పండుగ పూట ఉపవాసంలో ఉన్న మనిషికి కలగాల్సినది కాదు. సిలువ అందరికీ వేస్తావు. చూపించింది నాకు. దీనికి కూడా క్షమాపణ అడగాలేమో తెలియదు. వచ్చే వారం ఫాదర్ దగ్గర అన్నీ చెప్పుకుంటాను. ఇది చెప్పాలో వద్దో అప్పుడు చూస్తాను.

ఇప్పుడు నీ నాలుగో ప్రశ్న. పన్నెండో తారీఖు ఉత్తరంలో, ఆపరేషన్ తర్వాత కూడా ఒక వేలు ఎత్తు తేడా మిగిలిందని, కొత్త బూటుకు మడమ కావాలని రాశాను. దానికి నువ్వు, 'వేలు అంటే నా వేలా నీ వేలా? నా వేలు లావు. కొయ్య అచ్చులు సిద్ధంగా ఉన్నాయి, నువ్వు దిగే రోజుకు కుట్టి ఉంచుతాను' అని రాశావు.

ఎవరి వేలూ కాదు. తేడా లేదు. ఆపరేషన్ అయిన పదో రోజున పెద్ద డాక్టరు నన్ను గోడకు నిలబెట్టి, రెండు కాళ్ళూ కొలిచి, "సమానం, తల్లీ. వెంట్రుకవాసి తేడా కూడా లేదు" అన్నారు. పక్కనున్న నర్సులు చప్పట్లు కొట్టారు. యాభై ఏళ్ళుగా నేను దేవుణ్ణి అడిగింది అదే. ఇచ్చాడు. ఇచ్చిన రెండు వారాలకే నేను దాన్ని దాచి, నీకు అబద్ధం రాశాను. ఎందుకంటే చదును బూటులో కార్కు ఉండదు. కార్కు లేకపోతే సిలువ ఉండదు. లెపొసావకు ఉంటుంది, ఇంకెంతమందికో ఉంటుంది, నాకు మాత్రం ఉండదు. బాగుపడినందుకు నేను కుంటివాళ్ళను చూసి కుళ్ళుకున్నాను. ఇది నేను ఒప్పుకోవాల్సిన సంగతి. ఇది రాయడానికే నాలుగు రోజులు పట్టింది.

నువ్వు నన్ను ఏమంటావో తెలియదు. ఏమన్నా అను, కానీ స్టేషన్‌కు రా. పదకొండో తారీఖు, మధ్యాహ్నం బండి. నేను దిగి నీవైపు నడుస్తాను. నువ్వు ఎదురు రాకు, అక్కడే నిలబడి చూడు. మన ఇంటిని కాచే పరిశుద్ధుడి పండుగకు ఇంకా ఆరు వారాలుంది. ఈ ఏడు కొవ్వొత్తి ఆరేదాకా నీ పక్కనే నిలబడతాను, కుర్చీ వేయకు. వచ్చినవాళ్ళకు ఉడికించిన గోధుమలు నేనే అందిస్తాను. మిలుంక అందించనక్కర్లేదు.

ఇక పని విషయం. ఈ ఉత్తరంతో ఒక కాగితం మడిచి పెట్టాను. అందులో ఉన్నది లెపొసావ ఎడమ పాదం. బొమ్మ నేనే గీశాను. నేను వంగకూడదు, ఆమె ఆ చేత్తో కుర్చీ పట్టుకుని నిలబడే స్థితిలో లేదు. అందుకని ఆమె కాలును భోజనాల బల్ల మీద పెట్టించి, నీలాగే పెన్సిలు నిలువుగా పట్టుకుని చుట్టూ గీశాను. "గిలిగింతలు పెడుతున్నావు, పగ తీర్చుకుంటున్నావా?" అంది. స్తమేన అవ్వ కాగితం కదలకుండా పట్టుకుంది. మడమ చుట్టు, మడమ ముందు భాగం, పిక్క కింద చుట్టు, అన్నీ దారంతో కొలిచి పక్కన రాశాను. ఎత్తు మూడున్నర సెంటీమీటర్లు, ఒస్తోయ చేత కొలిపించాను. తోలు మంచిది వెయ్యి. నా శీతాకాలపు బూట్ల కోసం తెచ్చిన నల్ల తోలుందే, అదే వెయ్యి. లోపలి పొర తడికి లేవకుండా గట్టిగా అతికించు. సిలువ వెయ్యి. ఆమెకు ఇప్పుడు తెలుసు కాబట్టి చూపించనక్కర్లేదు.

నాకంటే ముందు ఆమెదే కుట్టు. నా గుడ్డ బూట్లతో నేను రాగలను. ఆమెకు అలా కుదరదు.

కుట్టాక ఇక్కడికే పోస్టులో పంపు. కొలతలన్నీ సరిగ్గా రాశాను, రెండుసార్లు సరిచూశాను. దేనికీ ఆమె కొట్టుదాకా రావలసిన అవసరం లేదు.

ఇట్లు,
రెండు కాళ్ళూ సమానమైన నీ భార్య
పెర్సిద